గ్యాస్ ఫైర్‌ప్లేస్ పావుగంటకే ఆరిపోతోంది, స్విచ్ వైర్లు కలిపించేయొచ్చా?

చలిమంట:
పాత ఇటుక చిమ్నీలో గ్యాస్ ఫైర్‌ప్లేస్ పెట్టించి ఇది రెండో చలికాలం. గదిలో గాలినే తీసుకుని మండే రకం, ముందు అద్దం ఉంటుంది. పోయినేడాది ఏ ఇబ్బందీ లేదు. ఈసారి వెలిగించిన పది పదిహేను నిమిషాలకి పైలట్‌తో (బర్నర్‌ని అంటించే చిన్న మంటతో) సహా ఆరిపోతోంది. పైలట్ వెలుగుతోందో లేదో వేడితో పసిగట్టే థర్మోకపుల్ మార్పించాం, నాలుగు రోజులు బాగుంది, మళ్లీ అదే కథ. అద్దానికి లోపలివైపు తెల్లటి పొర పడుతోంది. చిమ్నీ గోడ మీద, సీలింగ్‌కి జానెడు కింద, తడి మరక కూడా వచ్చింది. రిపేరుకి వచ్చినతను ఒక చిన్న స్విచ్ చూపించి, మాటిమాటికీ ఆపేస్తున్నది ఇదే, రెండు వైర్లూ కలిపేస్తే ఇక ఆరదు అన్నాడు. ఆలోచించుకుని చెప్తానని పంపేశాను. పిల్లలు పడుకునేది ఆ పక్క గదిలోనే, టెన్షన్‌గా ఉంది. కలిపించేయొచ్చా?

నీలిజ్వాల:
వద్దండీ, దయచేసి ఆ పని చేయించకండి. ముందు లేచి వెళ్లి ఫైర్‌ప్లేస్ గ్యాస్ వాల్వ్ కట్టేసి రండి, తర్వాత మిగతాది చదవండి.

అది స్పిల్ స్విచ్. పైకి పోవాల్సిన పొగ వెనక్కి మళ్లి గదిలోకి వస్తుంటే ఆ వేడికి తెరుచుకుని గ్యాస్ ఆపేస్తుంది. చాలా మోడళ్లలో థర్మోకపుల్ సర్క్యూట్‌లోనే ఉంటుంది కాబట్టి పైలట్ కూడా ఆరిపోతుంది, చూసేవాళ్లకి థర్మోకపుల్ పోయిందనిపిస్తుంది. నిజంగా థర్మోకపుల్ పోతే మామూలుగా నాబ్ మీంచి వేలు తీయగానే పైలట్ ఆరుతుంది, పావుగంట మండి ఆరడం అంటే నాకు ముందు పొగగొట్టం మీదే అనుమానం. వైర్లు కలిపేస్తే మంట ఆరదు, నిజమే, కానీ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా ఆగకుండా గదిలోకే వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ఇంట్లో ఉన్నప్పుడు తలనొప్పి, వికారం వచ్చి బయటికెళ్తే తగ్గుతున్నాయా అని అందరినీ అడగండి. అలా ఉంటే వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి. పిల్లల గది దగ్గర సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం ఇవాళే పెట్టండి.

ఇంకో మాట, ఆరిపోయే సమయానికి వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోందా? ఈ ఏడాది ఇంట్లో ఏమైనా మార్చారా?

చలిమంట:
వాల్వ్ కట్టేశాను. తలనొప్పులు ఎవరికీ లేవు, అలారం తెచ్చి పెట్టాను. మీరు అడిగాక గుర్తొచ్చింది, ఆరేది ఎక్కువగా సాయంత్రం వంట టైములోనే. వానాకాలంలో కిటికీలన్నీ మార్పించి సందులు లేకుండా సీల్ చేయించాం కూడా.

ఇటుకగూడు:
అయితే కారణం సగం అక్కడే ఉంది. ఫ్యాన్ లాగేసే గాలికి బదులు గాలి ఎక్కడినుంచో ఇంట్లోకి రావాలి కదా, కిటికీ సందులు మూసుకుపోయాయి, ఇక మిగిలిన పెద్ద కన్నం చిమ్నీయే. పొగ పైకి పోవాల్సిన దారిలో బయటి గాలి కిందికి దిగుతోంది.

తడి మరక సంగతి వేరు. 1 కిలో మీథేన్ మండితే దాదాపు 2.25 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. అదంతా వేడిగా ఉండగానే పైకి దాటిపోవాలి. పాత చిమ్నీలో సందు 8 అంగుళాల చదరం ఉందనుకోండి, 4 అంగుళాల గుండ్రటి గొట్టంతో పోలిస్తే వైశాల్యంలో 5 రెట్లు పెద్దది, అంత చల్లటి ఇటుకల మధ్యకి వచ్చిన పొగ అక్కడే చల్లారి నీరైపోతుంది. ఆ నీటికి ఆమ్లగుణం ఉంటుంది, ఇటుకల మధ్య సున్నాన్ని తినేస్తుంది. మీ గొట్టం చిమ్నీ పైనున్న టోపీ దాకా వెళ్లిందా, మధ్యలోనే ఆగిందా అని కెమెరా దింపి చూడమనండి. మా ఇంట్లో టోపీకి జాలీ ఊడిపోయి పిట్టలు గూడు కట్టాయి, రెండు దోసిళ్ల పుల్లలు తీశాం.

మంట పెట్టకుండానే ఒక పరీక్ష చేయొచ్చు. కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, వెలిగించిన అగరబత్తిని పొగ పైకి వెళ్లే దారి అంచున పట్టుకోండి. ఇది మొదలుపెట్టే ముందు గ్యాస్ వాల్వ్ మూసే ఉందని మరోసారి చూసుకోవాలి. మంటతో చేసే పరీక్ష మాత్రం పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

గాజుతలుపు:
తెల్లటి పొర గురించి నేను చెప్తాను. గ్యాస్‌కి వాసన రావడానికి కలిపే పదార్థంలో గంధకం ఉంటుంది, అదీ నీటి ఆవిరీ కలిసి చల్లటి అద్దానికి పడుతుంది. అద్దం పూర్తిగా చల్లారాకే తుడవండి, అమ్మోనియా ఉన్న క్లీనర్ వద్దు. పొర అలాగే వదిలేసి మండిస్తూ పోతే మచ్చ అద్దంలోకి దిగిపోతుంది, ఇక పోదు. నల్లటి మసి అయితే అది వేరే జబ్బు: మంట మధ్య అలంకారానికి పెట్టే పింగాణీ దుంగలు జరిగి మంటకి అడ్డం వచ్చుంటాయి, లేదా బర్నర్‌కి గాలి వెళ్లే చోట సాలెగూడు ఉంటుంది. వేసవంతా ఆపి ఉంచిన బర్నర్‌లో సాలీళ్లు చేరడం మామూలే, అందుకే సర్వీసింగ్ చలికి ముందే చేయించాలి.

చలిమంట:
అగరబత్తి పట్టుకుని చూశాను. ఫ్యాన్ ఆపి ఉన్నప్పుడు పొగ నిదానంగా లోపలికి పోయింది. ఫ్యాన్ వేసిన కాసేపటికి ఒంగి, వెనక్కి తిరిగి నా మణికట్టు మీదకి వచ్చింది, దాంతోపాటే తడి ఇటుక వాసన. నా కళ్లముందే అలా తిరిగేసరికి ఒళ్లు జలదరించింది. వేరే మనిషిని పిలిపించి కెమెరా వేయించాం, గొట్టం దాంపర్ (చిమ్నీ అడుగున తెరిచి మూసే పలక) దాటి రెండడుగులే ఉంది, ఆపైన అంతా ఖాళీ చిమ్నీ.

ఇక డైరెక్ట్ వెంట్ రకానికి మారిపోదామనుకుంటున్నాం. అందులో చిమ్నీలోంచి రెండు గొట్టాలు దింపుతారట, ఒకటి బయటి గాలి తేవడానికి, ఒకటి పొగకి. ముందు అద్దం సీల్ చేసి ఉంటుంది కాబట్టి వంటింటి ఫ్యాన్‌తో తగాదా ఉండదన్నారు. అది వచ్చేదాకా వాల్వ్ మూసే ఉంటుంది, పిల్లలకి రెండేసి దుప్పట్లు కప్పుతున్నాం.