115 ఆర్‌బీఐలు ఉన్నా మామూలు హిట్టరేనా?

మూడో బేస్ (ప్రశ్న)
బేస్‌బాల్‌లో ఆర్‌బీఐల (తన బ్యాటింగ్ వల్ల వచ్చినట్టు బ్యాటర్ ఖాతాలో రాసే పరుగుల) పట్టికలో పైనున్నవాడే ఆ ఏటి మేటి హిట్టర్ అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. కానీ 1990లో శాన్ డియాగో పాడ్రెస్ జట్టు ఆటగాడు జో కార్టర్‌ను చూడండి: 115 ఆర్‌బీఐలు, 24 హోమ్ రన్లు, యావరేజ్ (హిట్ల వాటా) .232, ఆన్‌బేస్ (బేస్ చేరిన వాటా) .290 మాత్రమే. బేస్ మీదకి ఇంత తక్కువసార్లు వెళ్లిన బ్యాటర్ ఖాతాలో అన్ని పరుగులు ఎలా పడ్డాయి? ఈ అంకెను వదిలేయాలా, లేక సరిచేసి వాడుకోవచ్చా?

లైన్ డ్రైవ్
కార్టర్ ఆ ఏడాది 162 మ్యాచ్‌లూ ఆడాడు. బ్యాటింగ్ క్రమంలో అతని ముందు బిప్ రాబర్ట్స్, రాబర్టో అలోమార్, టోనీ గ్విన్ లాంటివాళ్లు ఉన్నారు. 115లోంచి 24 (హోమ్ రన్లతో తనే చేసిన పరుగులు) తీసేస్తే 91 మిగులుతాయి. అంటే 91 సార్లు ఇంకొకరు బేస్ మీదకి చేరి సిద్ధంగా ఉంటే అతను ఇంటికి (పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్‌కి) చేర్చాడు. బేస్ మీద ఎందరుంటారన్నది బ్యాటర్ చేతిలో లేదు. అసలు తిరకాసు అక్కడే ఉంది.

రెండో లోపం నిబంధనలోనే ఉంది. మూడో బేస్ మీద రన్నర్ ఉండగా బ్యాటర్ గ్రౌండ్ బాల్‌కి ఔటైనా, ఆ రన్నర్ ఇల్లు చేరితే ఆర్‌బీఐ ఇస్తారు. అదే బంతికి డబుల్ ప్లే పడితే (ఇద్దరు ఔటైతే) ఇవ్వరు. బేసులు నిండినప్పుడు వచ్చే వాక్‌కీ (నాలుగు చెడ్డ బంతులకు దక్కే ఉచిత బేస్‌కీ) ఇస్తారు. కానీ మొదటి బేస్‌లో ఉన్నవాణ్ని సింగిల్‌తో (ఒక బేస్ హిట్‌తో) మూడో బేస్‌కి పంపితే ఏమీ రాదు.

ఎన్ని ఔట్లు, ఏ బేసుల మీద రన్నర్లు అన్న ఒక్కో స్థితి నుంచి ఇన్నింగ్స్ ముగిసేలోపు సగటున ఎన్ని పరుగులు వస్తాయో చూస్తే తేడా బయటపడుతుంది. 2010-15 మేజర్ లీగ్ లెక్కల్లో, ఔట్లు లేకుండా మూడో బేస్ మీద రన్నర్ ఉంటే సుమారు 1.35. గ్రౌండ్ ఔట్‌తో అతను ఇల్లు చేరితే ఒక పరుగు వచ్చినట్టు, ఖాళీ బేసులు, ఒక ఔట్‌తో ఇంకా 0.25 మిగిలినట్టు. మొత్తం 1.25. అంటే బ్యాటర్‌కి ఆర్‌బీఐ వచ్చింది, జట్టు అంచనా 0.10 తగ్గింది. ఔట్లు లేకుండా మొదటి బేస్ మీద రన్నర్ ఉంటే 0.86. సింగిల్‌తో ఒకటీ మూడూ నిండితే 1.78. జట్టుకి 0.92 లాభం, బ్యాటర్‌కి సున్నా ఆర్‌బీఐ.

సాక్ ఫ్లై
మీ లెక్క సరైనదే అండి, కానీ అదే పట్టికలో ఇంకో వరుస కూడా చూడండి. మూడో బేస్ మీద రన్నర్, ఒక ఔట్: 0.95. బంతిని ఔట్‌ఫీల్డ్‌లోకి లేపి, క్యాచ్ ఔటైనా రన్నర్ ఇల్లు చేరితే (సాక్ ఫ్లై) 1 + 0.10, అంటే 0.15 లాభం. స్ట్రైకౌట్ అయితే (మూడు స్ట్రైకులకు ఔటైతే) 0.35కి పడిపోతుంది, 0.60 నష్టం. ఒకే బ్యాటింగ్ అవకాశంలో 0.75 పరుగుల తేడా! రెండు స్ట్రైకుల తర్వాత స్వింగ్ కుదించుకుని బంతిని ఆటలో పెట్టేవాడి పనితనం ఇక్కడ నిజంగా లెక్కకొస్తుంది. సాధారణ యావరేజ్‌లో ఈ తేడా దాదాపు కనిపించదు. కాబట్టి ఆర్‌బీఐ ఉత్త అదృష్టం అంటే నేను ఒప్పుకోను.

తొమ్మిదో ఇన్నింగ్స్
ఇద్దరి మాటా కలిసే చోటు ఉంది. ముందు ఆర్‌బీఐల్లోంచి హోమ్ రన్లు తీసేయండి. మిగిలినదాన్ని అతను బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు బేసుల మీదున్న మొత్తం రన్నర్ల సంఖ్యతో భాగించండి. బేస్‌బాల్ రిఫరెన్స్‌లో సిచ్యుయేషనల్ హిట్టింగ్ పట్టిక ఈ శాతాన్ని నేరుగా ఇస్తుంది. లీగ్ సగటు సుమారు 14-15 శాతం ఉంటుంది. ఒక్క సీజన్ చూసి తేల్చేయకండి. రన్నర్లున్నప్పుడు ఒక ఏడాది బాగా ఆడినవాడు మరుసటి ఏడాదీ అలాగే ఆడతాడని భరోసా లేదు.

లైనప్‌లో స్థానం చూడకపోతే పోలికే తప్పుతుంది. లీడాఫ్ (క్రమంలో మొదటి) బ్యాటర్‌కి మ్యాచ్‌లో మొదటి అవకాశం ఎప్పుడూ ఖాళీ బేసులతోనే. పైగా 2022లో డిజిగ్నేటెడ్ హిట్టర్ (పిచ్చర్ బదులు బ్యాటింగ్ చేసేవాడు) శాశ్వతంగా వచ్చేవరకు నేషనల్ లీగ్‌లో తొమ్మిదో స్థానంలో సాధారణంగా పిచ్చరే ఆడేవాడు, కాబట్టి లీడాఫ్ ముందు బేస్ చేరేవాళ్లు ఇంకా తక్కువ. 2024లో షోహే ఒటాని సీజన్‌లో పెద్ద భాగం లీడాఫ్‌గా ఆడి కూడా 130 ఆర్‌బీఐలతో ఆ లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడంటే 54 హోమ్ రన్ల బలం ఎంతో చూడండి. ఎదుటి జట్టు ఆడనివ్వకపోతే ఏమవుతుందో 2004 బారీ బాండ్స్ చెబుతాడు: 232 వాక్‌లు, అందులో 120 కావాలని ఇచ్చినవి. ఆన్‌బేస్ .609, ఆర్‌బీఐలు 101 మాత్రమే.

కాలం తేడా కూడా మరవకండి. హాక్ విల్సన్ 191 ఆర్‌బీఐల రికార్డు 1930 నాటిది, ఆ ఏడాది నేషనల్ లీగ్ మొత్తం యావరేజే .303.

విలువ తేల్చాలంటే మైదానాన్నీ కాలాన్నీ సరిచేసే డబ్ల్యూఆర్‌సీ ప్లస్ (బ్యాటర్ తెచ్చిన పరుగుల విలువ; 100 అంటే సగటు) చూడండి. సాక్ ఫ్లై గారు చెప్పిన సందర్భం కూడా కలవాలంటే ఆర్‌ఈ24 (ప్రతి అవకాశంలో పరుగుల అంచనా ఎంత మారిందో కలిపే లెక్క). ఫాంటసీ (నిజ ఆటగాళ్ల అంకెలతో నడిచే ఊహా జట్ల ఆట) ఆడేవాళ్లకు మాత్రం ఆర్‌బీఐ ఇంకా కావాలి. అక్కడ బ్యాటర్‌తో పాటు అతని ముందున్న ఇద్దరి ఆన్‌బేస్ చూసి ఎంచుకోండి.

మూడో బేస్
ధన్యవాదాలండి. అలాగైతే 2008 నేషనల్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) ఓటింగ్ సరైనదేనా? ర్యాన్ హోవర్డ్‌కి 146 ఆర్‌బీఐలు, ఆల్బర్ట్ పుహోల్స్‌కి 116. అవార్డు పుహోల్స్‌కే ఇచ్చారు.

లైన్ డ్రైవ్
సరైనదే. హోవర్డ్ 610 ఎట్-బ్యాట్లలో (వాక్‌లు, సాక్ ఫ్లైలు కలపని అవకాశాల్లో) 153 హిట్లు, పుహోల్స్ 524లో 187. హిట్ కానివి 457, 337. ఆ 30 ఆర్‌బీఐల ఆధిక్యం కోసం హోవర్డ్ జట్టు ఫిలడెల్ఫియా ఖర్చుపెట్టింది హిట్ రాని 120 అదనపు ఎట్-బ్యాట్లు. ఒక జట్టుకి తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఉండేది 27 ఔట్లే.