జావా లిస్టులో ప్రాపర్టీ విలువను బట్టి ఆబ్జెక్టును వెతకడం: మీరు ఎలా చేస్తున్నారు?

భీమవరం_చెరువులు:
అందరికీ నమస్కారమండీ. రొయ్యలు కొనేవారి కోసం జావాలో ఒక అప్లికేషన్ రాస్తున్నాను. ప్రతి చెరువూ ఒక ఆబ్జెక్టు. దానికి రైతు సంఖ్య, గ్రామం, విస్తీర్ణం, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) అనే ప్రాపర్టీలు, అంటే వివరాలు, ఉన్నాయి. అన్నీ ఒక అర్రేలిస్టులో, అంటే వరుస జాబితాలో, ఉన్నాయి. రైతు సంఖ్య ఇస్తే ఆ చెరువు రావాలి. ప్రస్తుతం ఫర్ లూప్‌తో ఒక్కొక్కటీ పోల్చి చూస్తున్నాను గానీ, గ్రామంతో వెతకాలన్నా కౌంట్‌తో వెతకాలన్నా అదే లూప్ మళ్లీ రాయవలసి వస్తోంది. ఇంతకంటే శుభ్రమైన పద్ధతి ఏది? దొరకకపోతే ఏమి తిరిగి ఇవ్వాలి? గ్రామం పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి, వాటితో వెతికేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా? జాబితా వేలల్లోకి పెరిగితే నెమ్మదిస్తుందా?

అమలాపురం_స్ట్రీమ్:
2014లో జావా 8 వచ్చిన నాటి నుంచి దీనికి చక్కటి మార్గం ఉంది. లిస్టు మీద స్ట్రీమ్ (అంశాలను ఒక్కొక్కటిగా అందించే ప్రవాహం) తెరిచి, ఫిల్టర్‌లో షరతు పెట్టి, ఫైండ్‌ఫస్ట్ పిలవండి. షరతుకు సరిపోయిన మొదటి ఆబ్జెక్టు దగ్గరే అది ఆగిపోతుంది, మిగతా జాబితాను ముట్టుకోదు. షరతును ప్రెడికేట్‌గా (అవును, కాదు అని చెప్పే ఫంక్షన్‌గా) తీసుకునే మెథడ్ ఒక్కటి రాసుకుంటే గ్రామానికీ కౌంట్‌కూ అదే సరిపోతుంది. చేతికి వచ్చేది ఆప్షనల్, అంటే లోపల ఫలితం ఉండవచ్చు, లేకపోవచ్చు అని చెప్పే పెట్టె. నాకు బాధ కలిగించేది ఇక్కడే: ఇతరులు రాసిన కోడ్ నా దగ్గరికి పరిశీలనకు వచ్చినప్పుడల్లా, ఆప్షనల్ అందిన వెంటనే కళ్లు మూసుకుని, లోపలిది బయటికి తీసే గెట్ పిలిచిన వరుసలే కనిపిస్తాయి. లోపల ఏమీ లేకపోతే ప్రోగ్రాము అక్కడికక్కడే ఎక్సెప్షన్‌తో (లోపంతో) పడిపోతుంది. ఇక ఆప్షనల్ వాడి ప్రయోజనమేమిటి? రైతు లేకపోవడం మామూలు విషయమైతే బదులు విలువ ఇచ్చే ఆర్ఎల్స్ వాడండి, లేకపోవడమే తప్పయితే స్పష్టమైన సందేశంతో ఎక్సెప్షన్ విసిరే ఆర్ఎల్స్‌త్రో వాడండి.

పాలకొల్లు_పైథాన్:
పైథాన్‌లో ఇది ఒక్క వరుస. నెక్స్ట్ ఫంక్షన్‌కు ఒక జనరేటర్ (షరతుకు సరిపోయినవాటిని ఒక్కొక్కటిగా ఇచ్చేది) ఇచ్చి, రెండో ఆర్గ్యుమెంటుగా నన్ (ఏమీ లేదనే విలువ) ఇస్తే చాలు, దొరికితే ఆబ్జెక్టు వస్తుంది, లేకపోతే నన్ వస్తుంది. ఆ రెండో ఆర్గ్యుమెంటు మరచిపోతే, దొరకనప్పుడు స్టాప్‌ఇటరేషన్ ఎక్సెప్షన్ వస్తుంది.

కాకినాడ_సర్వర్:
జావా 8 పుట్టకముందు నుంచీ నేను ఈ పనిలోనే ఉన్నాను, బ్యాంకుల లావాదేవీల స్థాయిలో ఇలాంటి వెతుకులాటలు రాశాను. ఇక్కడ ఎవరూ అసలు విషయానికి రాలేదు. స్ట్రీమ్ అయినా లూప్ అయినా లోపల చేసేది వరుసగా పోల్చడమే. బటన్ నొక్కినప్పుడు ఒక్కసారి వెతికితే వేల చెరువులున్నా తేడా తెలియదు. కానీ పట్టుబడి (రొయ్యలు పట్టే) రోజున 5,000 కాటా చీటీలు ఎక్కించి, ఒక్కొక్క చీటీకి 5,000 చెరువుల జాబితాను మొదటి నుంచి వెతికితే, గరిష్ఠంగా రెండున్నర కోట్ల పోలికలవుతాయి. రైతు సంఖ్యను కీగా (వెతికే గుర్తుగా) పెట్టి, కీ ఇస్తే విలువను నేరుగా ఇచ్చే హ్యాష్‌మ్యాప్ ఒక్కసారి కట్టుకోండి, ఆ తరువాత ప్రతి వెతుకులాటా సగటున స్థిర సమయంలో, అంటే జాబితా ఎంత పెద్దదైనా దాదాపు ఒకే సమయంలో, అయిపోతుంది. ఈ మాత్రం తెలియకుండా అప్లికేషన్లు రాయకూడదు.

తణుకు_టెస్టర్:
అడిగినవారిని కించపరచకుండా కూడా ఈ మాట చెప్పవచ్చునండీ. మ్యాప్ సంగతి సరే, ముందు రైతు సంఖ్యను దేనితో పోలుస్తున్నారో చూడండి. అది ఇంటిజర్ (సంఖ్యను ఆబ్జెక్టుగా దాచే) రకమై, రెండు సమాన గుర్తులతో (అవి విలువను కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని చూస్తాయి) పోలిస్తే ఘోరం జరుగుతుంది. నేను పరీక్షించిన ఒక ధాన్యం కొనుగోలు అప్లికేషన్‌లో 127వ రైతు దాకా అందరూ దొరికారు, 128వ రైతు నుంచి ఒక్కరూ దొరకలేదు. మైనస్ 128 నుంచి 127 వరకు ఉన్న విలువలకు జావా ముందే తయారుచేసిన ఆబ్జెక్టులనే మళ్లీ మళ్లీ ఇస్తుంది కనుక పోలిక నిజమవుతుంది. ఆ పైన సాధారణంగా ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టు పుడుతుంది, సంఖ్య ఒకటే అయినా పోలిక అబద్ధమవుతుంది. పది మంది రైతులతో పరీక్షించి పంపించేస్తే ఇది ఎన్నటికీ బయటపడదు.

కాకినాడ_సర్వర్:
ఇంట్ (ఆబ్జెక్టు కాని మామూలు సంఖ్య) అని ప్రకటిస్తే ఈ గొడవే ఉండదు. తప్పు పోలికలో లేదు, రకాన్ని ఎంచుకోవడంలో ఉంది.

తణుకు_టెస్టర్:
డేటాబేస్‌లో ఆ గడి ఖాళీగా ఉండే అవకాశం ఉన్నచోట ఇంట్ ఎలా పెడతారు? ఖాళీకి బదులు సున్నా పెడితే, సంఖ్య లేని రైతులంతా సున్నా సంఖ్య గల ఒకే రైతుగా మారిపోతారు. అప్పుడు చెల్లింపు ఎవరికి పోతుంది?

కాకినాడ_సర్వర్:
సంఖ్య లేని రైతును జాబితాలోకి రానివ్వడమే మొదటి తప్పు. ఇంత ప్రాథమికమైన విషయం మీద నాకు పాఠం చెప్పనవసరం లేదు.

అమలాపురం_స్ట్రీమ్:
ఇద్దరూ కాస్త శాంతించండి. ఒకవైపు ఇంట్, మరొకవైపు ఇంటిజర్ ఉంటే జావా విలువలనే పోలుస్తుంది, కానీ ఇంటిజర్ నల్ (ఖాళీ) అయితే ఎక్సెప్షన్ వస్తుంది. పైగా ఆ 127 అనే పై హద్దును జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపేది) సెట్టింగుతో పెంచవచ్చు కనుక, ఒక యంత్రంలో దొరికిన రైతు మరో యంత్రంలో దొరకకపోవచ్చు. ఆబ్జెక్ట్స్ క్లాసులోని, విలువలను పోల్చే ఈక్వల్స్ వాడితే నల్ బెడద కూడా ఉండదు.

రాజోలు_అక్షరాలు:
గ్రామం పేరు గురించి అడిగిన ప్రశ్నను అందరూ దాటేశారు, నిజానికి ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. పైడిపర్రు అనే పేరును తీసుకోండి. యునికోడ్‌లో (అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణంలో) ఐత్వానికి 0సీ48 అనే ఒకే సంకేతం ఉంది, కానీ అదే ఐత్వాన్ని 0సీ46, 0సీ56 అనే రెండు సంకేతాలుగా కూడా రాయవచ్చు. తెర మీద రెండు పేర్లూ ఒకేలా కనిపించాలి, ఈక్వల్స్ మాత్రం వేరని చెబుతుంది. జావా నార్మలైజర్‌తో అన్నింటినీ ఎన్ఎఫ్‌సీ అనే, విడి సంకేతాలను కలిపిన ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చుకుంటే ఇది తీరుతుంది. దానితో తీరనిది ఇంకొకటి ఉంది. భీమవరం టౌన్ అని రాసినప్పుడు చివరి పొల్లు తరువాత కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే కనిపించని గుర్తును చేరుస్తాయి. చివరల ఖాళీలను తీసే ట్రిమ్ గానీ స్ట్రిప్ గానీ దాన్ని తొలగించవు, ఎన్ఎఫ్‌సీ కూడా తొలగించదు. వెతకడానికి వాడే కీ నుంచి ఆ గుర్తును మీరే తీసివేయాలి, రైతుకు చూపించే పేరును మాత్రం ముట్టుకోకూడదు.

కొత్తపేట_డేటా:
పేరుతో వెతకడమే వద్దంటాను. ఒకే పేరున్న ఊళ్లు మన గోదావరి జిల్లాల్లోనే ఎన్నో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు అమలాపురం కోనసీమ జిల్లాకు కేంద్రమైంది. అయినా పాత జాబితాల్లో అది ఇంకా తూర్పు గోదావరిలోనే ఉంది, కాబట్టి జిల్లా పేరును ప్రాపర్టీగా పెట్టి వెతికినవారికి సగం చెరువులు రావు. కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో గ్రామాలకు కోడ్‌లు ఉన్నాయి, వాటిని వాడండి.

రాజోలు_అక్షరాలు:
కాటా దగ్గర నిలబడిన రైతుకు తన ఊరి కోడ్ ఏం తెలుస్తుందండీ? ఆయన చెప్పేది ఊరి పేరు. ఆ పేరుతో వెతికి దొరికించుకోవలసిన బాధ్యత ప్రోగ్రాము రాసినవారిది.

నరసాపురం_కౌంట్:
కౌంట్ సంగతి చెబుతాను. 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు. కొనేవారు సరిగ్గా 30 అని అడగరు, 28 నుంచి 32 వరకు ఉన్న చెరువులు చూపించమంటారు. దీనికి హ్యాష్‌మ్యాప్ పనికిరాదు. కీలను వరుసలో ఉంచే ట్రీమ్యాప్‌లో కౌంట్‌ను కీగా, చెరువుల జాబితాను విలువగా పెట్టుకుంటే సబ్‌మ్యాప్ ఆ పరిధిని నేరుగా ఇస్తుంది. విలువగా ఒక్క చెరువునే పెడితే, అదే కౌంట్ ఉన్న రెండో చెరువు మొదటిదాన్ని చెరిపేస్తుంది. బైనరీసెర్చ్ (జాబితాను సగం సగం చేస్తూ వెతికేది) వాడదలచినవారు లిస్టు ఆ ప్రాపర్టీ ప్రకారమే వరుసలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. వరుసలో లేని లిస్టు మీద అది ఇచ్చే జవాబుకు ఏ హామీ లేదు, అదే విలువ చాలాచోట్ల ఉంటే ఏది తిరిగి వస్తుందో కూడా హామీ లేదు.

భీమవరం_చెరువులు:
అందరికీ ధన్యవాదాలు. కాకినాడ గారు చెప్పినట్టు స్ట్రీమ్ నుంచి మ్యాప్ చేసే టుమ్యాప్‌తో హ్యాష్‌మ్యాప్ కట్టబోతే డూప్లికేట్ కీ (ఒకే కీ రెండుసార్లు) అని ఇల్లీగల్‌స్టేట్ ఎక్సెప్షన్ వచ్చింది. మా జాబితాలో ఒకే రైతుకు రెండు మూడు చెరువులున్నాయి. పైగా చెరువు మధ్యలో మరో రైతు లీజుకు వెళితే మ్యాప్‌లో పాత సంఖ్యే ఉండిపోతుంది కదా?

తణుకు_టెస్టర్:
అందుకే ఎవరి డేటా ఎలా ఉందో అడగకుండా సలహా ఇవ్వకూడదంటాను.

కాకినాడ_సర్వర్:
టుమ్యాప్ అనే మాట నేను అనలేదు, కానీ ప్రశ్న న్యాయమైనది. స్ట్రీమ్ ఫలితాలను పోగుచేసే కలెక్టర్లలో గ్రూపింగ్‌బై వాడండి, ప్రతి సంఖ్యకూ చెరువుల జాబితా వస్తుంది. లేని సంఖ్యకు నల్ రాకుండా గెట్‌ఆర్‌డిఫాల్ట్‌కు ఖాళీ లిస్టు ఇవ్వండి. లీజు విషయంలో చెరువు ఆబ్జెక్టులోని రైతు సంఖ్యను బయటి నుంచి ఎవరూ మార్చకుండా మూసివేసి, మార్పిడికి ఒకే మెథడ్ ఉంచండి. పాత సంఖ్య కింది జాబితా నుంచి తీసివేయడం, ప్రాపర్టీ మార్చడం, కొత్త సంఖ్య కింద చేర్చడం, ఈ మూడూ ఆ మెథడ్ లోపలే జరగాలి.