పేపర్‌బ్యాక్‌లో ‘బ్యాక్’ అంటే ఏది?

ప్రశ్న: అందరికీ నమస్కారమండీ, విశాఖ నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఒక నవల కొనబోతే పేపర్‌బ్యాక్‌కి ఒక రేటు, హార్డ్‌కవర్‌కి ఒక రేటు చూపించింది. పేపర్‌బ్యాక్ అంటే వెనకట్ట ఒక్కటే కాగితంతో ఉంటుందా? మనవాళ్లు పాకెట్ బుక్ అనేది కూడా దీన్నేనా?

జవాబు: బ్యాక్ అంటే ఇక్కడ వెనకట్ట కాదండీ, పుస్తకం వెన్ను. బీరువాలో నిలబెడితే పేరు కనిపించే అంచు. బైండింగ్ పనిలో దాన్నే బ్యాక్ అంటారు. కాలికో బైండులో, అంటే గట్టి అట్టల గుడ్డ బైండులో, వెన్ను మీదకి గుడ్డ వస్తుంది, రెండు పక్కలా దళసరి అట్టలుంటాయి. పేపర్‌బ్యాక్‌కి ఒకే మందపాటి కాగితం ముందు నుంచి వెన్ను మీదుగా వెనక్కి చుట్టుకుని, వెన్నుకి జిగురుతో అతుక్కుంటుంది.

పాకెట్ బుక్ అనేది సైజును బట్టి వచ్చిన పేరు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు లాటిన్ కవి వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే సైజులో అచ్చువేశాడు. సైజు చిన్నదే గానీ అవి పేపర్‌బ్యాక్‌లు కావు. మనకి 1960ల్లో ఎమ్మెస్కో పాకెట్ బుక్స్ ఇంటింటికీ చేరడంతో రెండు మాటలూ ఒకటైపోయాయి. ఆ పుస్తకాలు సైజులో చిన్నవి, పైన కాగితం అట్టే.

కాగితం అట్ట చాలా పాతది. ఫ్రాన్స్‌లో పుస్తకాన్ని పల్చటి కాగితం చుట్టి అమ్మేవారు. కొన్నవాళ్లు తర్వాత తమకి నచ్చినట్టు తోలు బైండు చేయించుకునేవారు. అంటే ఆ కాగితం బైండు చేయించేదాకా ఉంటే చాలు. 1841లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో టౌఖ్నిట్జ్ అనే ప్రచురణ సంస్థ ఇంగ్లీషు రచనల్ని కాగితం అట్టలతో వరసగా వేయడం మొదలుపెట్టింది. హక్కులు యూరప్ ఖండం వరకే కాబట్టి వాటిని బ్రిటన్‌కి గానీ దాని వలస దేశాలకి గానీ తీసుకెళ్లకూడదనేవారు.

నా దృష్టిలో అసలు మలుపు 1935. ఆ ఏడాది జూలైలో బ్రిటన్‌లో ఆలెన్ లేన్ అనే ప్రచురణకర్త పెంగ్విన్ పేరుతో మొదటి పది పుస్తకాలు తెచ్చాడు. వెల ఆరు పెన్నీలు, అప్పట్లో పది సిగరెట్ల పెట్టె ధర. అట్ట రంగు నవలకి నారింజ, డిటెక్టివ్‌కి ఆకుపచ్చ, జీవితచరిత్రకి ముదురు నీలం. సైజు, రంగుల పద్ధతి 1932లో హాంబర్గ్‌లో మొదలైన ఆల్బట్రాస్ పుస్తకాల నుంచి తీసుకున్నవే. కానీ మంచి రచయితల్ని ఇంత చవగ్గా, ఇన్ని వేల కాపీలు అమ్మొచ్చని చూపించింది మాత్రం పెంగ్విన్. బైండు చేయించేదాకా అనుకున్న కాగితం అట్టే అక్కడి నుంచి పుస్తకానికి శాశ్వతమైన అట్ట అయింది. అందుకే పేపర్‌బ్యాక్‌ని హార్డ్‌కవర్‌కి తక్కువరకం నకలుగా చూడటం నాకు నచ్చదు.

ప్రశ్న: బాగుందండీ. మరి తెలుగులో ఏమనాలి? ఇంకోటి, మా ఇల్లు బీచ్‌కి దగ్గర. ఈ మధ్య కొన్న పేపర్‌బ్యాక్‌లు అప్పుడే పేజీలు ఊడిపోతున్నాయి.

జవాబు: పాత పుస్తకాల్లో వెల దగ్గర ‘సాదా ప్రతి’, ‘కాలికో ప్రతి’ అని వేసేవారు. సాదా ప్రతి అంటే కాగితం అట్టది, మన పేపర్‌బ్యాకే. చక్కటి మాట, మళ్లీ వాడుకలోకి వస్తే సంతోషిస్తాను. కొత్తగా ఏదో పదం కట్టనక్కర్లేదు.

పేజీల సంగతికొస్తే, పుస్తకాన్ని నిలబెట్టి పై నుంచి వెన్ను దగ్గర చూడండి. కాగితాలు గుత్తులు గుత్తులుగా మడతపడి కనిపిస్తే అది కుట్టిన పుస్తకం, చాలాకాలం ఉంటుంది. మడతలు లేకుండా విడి కాగితాల అంచులు సూటిగా జిగురులో దిగితే అది పర్ఫెక్ట్ బైండింగ్. అంటే మడతల్ని కోసేసి జిగురు పెట్టారన్నమాట. మన తేమకి కాగితం ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ఆ లాగుడు జిగురు మీద పడి పేజీలు వదులవుతాయి. అలాంటివి బయటి గోడకి ఆనించి పెట్టకండి, పూర్తిగా వెనక్కి విరిచి చదవకండి. ఊడినవాటికి టేపు వేయొద్దు, బైండరుకి ఇవ్వండి. మడతలు పోయాయి కాబట్టి పక్క కుట్టు, అంటే వెన్ను పక్కగా కాగితాలన్నిటినీ కలిపి కుట్టే కుట్టు, వేస్తానంటాడు. దానివల్ల లోపలి మార్జిన్ కొంత పోతుంది. అక్షరాలు కుట్టులోకి వెళ్లేంత ఇరుకు మార్జిన్ అయితే కుట్టొద్దని చెప్పి, మళ్లీ జిగురే వేయించండి.