రాత్రి కబడ్డీ ఫొటోలకు కెమెరా బాడీ మార్చాలా, లెన్సా?

సంక్రాంతికి గుంటూరు పక్కన మా ఊళ్లో ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ తీశాను. కెమెరా కెనన్ 90డి, 55-250 ఎంఎం జూమ్ లెన్స్. పూర్తిగా జూమ్ చేసి 250 దగ్గర అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 6400 పెట్టినా షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు దాటలేదు. రైడర్ మొహం బాగానే వచ్చింది, గీత వైపు చాచిన చెయ్యి మాత్రం పొగలా సాగిపోయింది. చాలా బాధేసింది. కొత్త బాడీ కొనాలా అన్నా?

— బాడీ జోలికి పోకు తమ్ముడూ. 90డి సెకనుకు 10 ఫ్రేములు తీస్తుంది, చాలు. సెకండ్ హ్యాండ్‌దైనా సరే, 70-200 ఎఫ్ 2.8 లెన్స్ చూడు. ఎఫ్ అంకె తగ్గితే రంధ్రం పెద్దది; 5.6 కంటే వెలుతురు నాలుగు రెట్లు. అదే ఐఎస్ఓలో 1/1000 వస్తుంది.

— స్టెబిలైజర్‌ను నమ్ముకోకండి. అది మన చేతి వణుకునే ఆపుతుంది, ఆటగాడి చేతిని కాదు.

— 200 సరిపోతుందా అన్నా?

— కోర్టు పొడవు 13 మీటర్లేగా! పైగా 90డి సెన్సర్ చిన్నది కాబట్టి దాని మీద 200 అంటే 320 లాగా దగ్గరగా కనిపిస్తుంది. ముందు బెజవాడలో ఒక్కరోజు అద్దెకు తెచ్చి తీసి చూడు.