షార్ట్‌వేవ్ వాతావరణ పటం ఒరిగిపోతోంది, గీతలు జంటగా పడుతున్నాయి

కళింగతీరం (శ్రీకాకుళం):
ఎస్ఎస్‌బీ (ఒక పక్క బ్యాండు మోడు) ఉన్న చేతి రేడియో, హెడ్‌ఫోన్ నుంచి లాప్‌టాప్ మైకుకి తీగ, కూతని పటంగా మార్చే ఎఫ్‌ఎల్‌డిజి సాఫ్ట్‌వేర్. వాతావరణ పటాలు రేడియో ఫ్యాక్స్‌గా పంపే టోక్యో స్టేషన్ జేఎంహెచ్ 13988.5 కిలోహెర్ట్జ్ మీద పడుతోంది గానీ పటం కుడికి ఒరుగుతోంది, ఎడమ అంచు నడిమధ్యన వస్తోంది, గీతలన్నీ జంటగా ఉన్నాయి. ఏటి చెయ్యాలి?

బొబ్బిలి_తీగ:
మూడూ వేర్వేరు రోగాలు గురువుగారూ, ఒక్క మందుతో పోవు.

ముందు డయల్. 13988.5 అన్నది సిగ్నల్ నడిమి అంకె. నలుపు 1500, తెలుపు 2300 హెర్ట్జ్ కూతగా రావాలంటే యూఎస్‌బీ (పై పక్క బ్యాండు) మోడులో 1.9 కిలోహెర్ట్జ్ కిందికి, 13986.6 మీద పెట్టాలి. రాత్రికి 7795 అయితే 7793.1. ఎల్ఎస్‌బీ (కింది పక్క బ్యాండు)లో ఉంటే నలుపు తెలుపూ తారుమారు.

ఒరగడం సిగ్నల్ తప్పు కాదు, సౌండ్ కార్డు గడియారం తప్పు. నిమిషానికి 120 వరుసలు, వరుసకి 1809 చుక్కలు. గడియారం పది లక్షలకి 50 వంతులు తేడా ఉందంటే, పది నిమిషాల పటంలో 1200 వరుసలు దిగేసరికి నిలువు అంచు 108 చుక్కలు పక్కకి జరిగిపోతుంది. కాబట్టి జరిగిన చుక్కల్ని (వరుసలు × 1809)తో భాగించి, పది లక్షలతో హెచ్చవేసి ఎఫ్‌ఎల్‌డిజి ఆర్‌ఎక్స్ పీపీఎమ్ (పది లక్షలకి వంతులు) గడిలో వేయండి. విండోస్‌లోనూ ఎఫ్‌ఎల్‌డిజిలోనూ శాంపుల్ రేటు 48000 ఒకేలా ఉండాలి.

అంచు మధ్యలో రావడానికి కారణం ఆలస్యం. మొదట 300 హెర్ట్జ్ కూత 5 సెకన్లు, ఆ తర్వాత వరుస మొదలు ఎక్కడో చెప్పే ఫేజింగ్ 30 సెకన్లు. అది దాటాక మొదలెడితే వరుస ఎక్కడ మొదలో సాఫ్ట్‌వేర్‌కి తెలీదు. చేత్తో జరుపుకోవడమే.

ఉద్దానం_గాలి:
జంట గీతల సంగతి. ఒకే సిగ్నల్ ఆకాశపు పొరని తాకి రెండు దారుల్లో వస్తోంది. చుక్కకి 0.28 మిల్లీసెకను, రెండో దారి 2 మిల్లీసెకన్లు ఆలస్యమైతే 7 చుక్కల పక్కన నీడ గీత పడుతుంది. యాంటెన్నాతో పోయేది కాదు. ఆ వేళకి అందే ఫ్రీక్వెన్సీల్లో పైదానికి మారండి, దారులు తగ్గుతాయి.

పటం మసకగా కూడా ఉంటే, అది మాత్రం ఇంట్లో కరెంటు సామాన్ల గోలే. లాప్‌టాప్ చార్జరు పీకి, ఇన్వర్టరు ఆపి, ఎల్‌ఈడీ బల్బులు ఒక్కొక్కటే ఆర్పి చూడండి. విండోస్ మైకు సెట్టింగుల్లో నాయిస్ సప్రెషన్ తీసేయండి. అది ఆగని కూతని రొద అనుకుని అణిచేస్తుంది. హెడ్‌ఫోనుకీ మైకుకీ కలిపి ఒకే రంధ్రం ఉన్న లాప్‌టాప్‌కి మూడు నల్ల గీతలున్న పిన్ను కావాలి. రెండు గీతలదాన్ని మైకుగా గుర్తించదు.

చీపురుపల్లి_డైపోల్:
తీగ: చేతికి 5.1 మీటర్ల చొప్పున డైపోల్ (రెండు చేతుల యాంటెన్నా). టోక్యో మనకి ఈశాన్యాన సుమారు 5,800 కిలోమీటర్లు, కాబట్టి తీగ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి లాగాలి. కళింగపట్నం వైపు ఉప్పుగాలికి రాగి అతుకులు బేగి చిలుము పడతాయి. టంకం వేసి, సిలికాన్ పూసి, పైన టేపు చుట్టండి. కొబ్బరి చెట్టుకి కడితే తాడు వదులుగా, గాలికి చెట్టు ఊగినా తెగకుండా.

టోక్యో పటం పసిఫిక్‌ది. మన తీరానికి తుపాను కబురు వాతావరణ శాఖదే చూడాలి, ఇది చేయి తిరగడానికి.

కళింగతీరం:
హ్యామ్ లైసెన్సు ఉంటే మనమూ పంపొచ్చు కదా? జాగ్రత్తలేటి?

బొబ్బిలి_తీగ:
మాటలో మధ్యమధ్య ఊపిరి ఉంటుంది, ఫ్యాక్స్‌లో పది నిమిషాలూ ఆగని కూతే. 100 వాట్ల సెట్టుని 30, 40కి దించండి, లేదంటే ఫైనల్ ట్రాన్సిస్టర్లు కాలతాయి. ఆడియో ఏఎల్‌సీ (పవరు హద్దు దాటకుండా ఆపే సర్క్యూట్) సూది కదలనంత తక్కువ ఉండాలి, కంప్రెసరు ఆపాలి. కంప్యూటరు గంట మోగితే అదీ పటంలో చారగా పడుతుంది. పటం 1809 చుక్కల వెడల్పులో గీసుకోండి. ఒక్క చుక్క మందం గీతని దారి మింగేస్తుంది, కనీసం మూడు.

కళింగతీరం:
పీపీఎమ్ 50 వేస్తే ఇంకా ఒరిగింది. -50 వేశాను, అంచు నిలబడింది.