"ఉచ్ఛిలీంధ్రామ్": శిలీంధ్రం పుట్టగొడుగా, కందళా?

నల్లకుంట సభ్యుడు: జీవులను ఐదు రాజ్యాలుగా (పెద్ద విభాగాలుగా) విడదీసే వర్గీకరణ గురించి విద్యార్థులకు తెలుగులో పాఠం రాస్తుండగా, కాళిదాసు మేఘదూతంలో తొలి భాగమైన పూర్వమేఘంలోని పాదమొకటి "మహీముచ్ఛిలీంధ్రామవంధ్యాం" (నేలను శిలీంధ్రాలు లేచేలా, ఫలవంతంగా) అన్న దగ్గర ఆగి వేధిస్తోంది. మేఘగర్జనకు నేల నుంచి లేచే ఆ శిలీంధ్రమూ, నేటి జీవశాస్త్రంలోని శిలీంధ్రమూ ఒకటేనా? కొందరు "శిలింధ్రం" అని హ్రస్వంతోనూ రాస్తున్నారు. ఏది సాధువు, అంటే సరైన రూపం?

విద్యానగర్ సభ్యుడు: దీర్ఘమే సాధువు. ఆ శ్లోకపు వృత్తమైన మందాక్రాంతలో ఆ స్థానాన గురువు ఉండి తీరాలి గనుక "లీ" తప్పదు.

మారేడుపల్లి సభ్యురాలు: ఛందస్సు ఆ సాక్ష్యం చెప్పదండీ. "లి" అని రాసినా పక్కన నిండుసున్న ఉంది, ఆపైన సంయుక్తాక్షరమూ ఉంది. ఎలా చూసినా గురువే అవుతుంది. దీర్ఘానికి నిఘంటువును పిలవండి గాని గణాలను పిలవకండి.

విద్యానగర్ సభ్యుడు: సరే, నిఘంటువే కావాలంటే కాళిదాసు వ్యాఖ్యాత, మన కొలిచాల మల్లినాథుడు శబ్దార్ణవమనే నిఘంటువును చూపి శిలీంధ్రాలంటే కందళులనే వానకాలపు మొక్కలని తేల్చాడు. "నామూలం లిఖ్యతే కించిత్" (ఆధారం లేనిదేదీ రాయను) అని ప్రతిజ్ఞ చేసినవాడి మాటను పుట్టగొడుగు కోసం పక్కన పెడతామా?

మారేడుపల్లి సభ్యురాలు: మెదక్ సీమవాడని నాకూ మల్లినాథుడంటే అభిమానమే. కానీ అదే సర్గలో కాళిదాసు కందళులకు తొలి మొగ్గలు వచ్చాయంటాడు. పుట్టగొడుగుకు మొగ్గ లేదు, కాబట్టి కందళి పూచే మొక్క. ఒక్కొక్క మాటను తూచి వాడే కవి రెండు పేర్లు వాడాడంటే అవి రెండు వస్తువులని నా నమ్మకం.

తార్నాక సభ్యుడు: నేను వృక్షశాస్త్రం బోధించినవాణ్ణి. కందళి అయితే పత్రహరితంతో తన ఆహారం తానే తయారుచేసుకుంటుంది. శిలీంధ్రానికి ఆ శక్తి లేదు. దాని తంతువులు కుళ్ళిన ఆకులోకి, కట్టెలోకి చొచ్చుకుపోయి ఎంజైములను బయటికి వదిలి, ఆహారాన్ని శరీరం వెలుపలే జీర్ణం చేసి, కరిగినదాన్ని పీల్చుకుంటాయి. ఏకకణ జీవి అమీబా అలా కాదు. మిథ్యాపాదాలతో ఆహారకణాన్ని చుట్టుముట్టి లోపలికి తీసుకుని, ఆహారరిక్తికలో జీర్ణం చేసుకుంటుంది. లిన్నేయస్ 1753లో శిలీంధ్రాలను మొక్కలలోనే చేర్చాడు. 1969లో ఐదు రాజ్యాల వర్గీకరణ చేసిన విట్టేకర్ వాటికి ప్రత్యేక రాజ్యం ఇవ్వడానికి ఈ పీల్చుకునే పద్ధతే ముఖ్య కారణం. వెలుతురులో ఆహారం చేసుకుంటూ, చీకట్లో కరిగిన సేంద్రియ పదార్థాలతో బతికే యూగ్లీనా మాత్రం ఏ గీతకూ లొంగక, ఏకకణ జీవుల రాజ్యమైన ప్రొటిస్టాలో కూర్చుంది. ఇక "అవంధ్యాం" (గొడ్డుపోని, ఫలవంతమైన) అన్న విశేషణం పుట్టగొడుగుకే నప్పుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే మట్టిలో కుళ్ళే పదార్థం సమృద్ధిగా ఉన్నచోటే అది లేస్తుంది.

మారేడుపల్లి సభ్యురాలు: మన "పుట్టగొడుగు" కూడా ఊరికే పుట్టిన మాట కాదు. చెదలు నమిలి తెచ్చిన ఎండుటాకుల మీద పుట్ట లోపలే ఒక జాతి శిలీంధ్రాన్ని పెంచుతాయి. వానలు పడ్డాక అది పుట్టను చీల్చుకుని గొడుగు విప్పుతుంది. ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని పల్లెల్లో ఇప్పటికీ అంటారు. కాళిదాసు చెప్పిందీ అదే.

విద్యానగర్ సభ్యుడు: పల్లె మాట వ్యాఖ్యానానికి ప్రమాణం కాదు. మల్లినాథుణ్ణి కాదనదలచినవారు ఆయనకు పూర్వుడైన వల్లభదేవుని పంజికను (మేఘదూత వ్యాఖ్యను) ముందు పెట్టుకుని మాట్లాడాలి.

నల్లకుంట సభ్యుడు: నా పాఠం రేపు అచ్చుకు వెళ్ళాలండీ. "లీ"యా, "లి"యా?