“యేడవ దినమున విశ్రమించిరి”: ఈ వాక్యం ఎవరికైనా సరిగ్గా గుర్తుందా?

గోదారిగట్టు:
టెనెస్సీ సువానీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మీద ఎప్పుడో తెలుగులో ఒక వ్యాసం చదివాను. అందులో ఒక వాక్యం పొద్దున్నుంచీ నోట్లో నానుతోంది. “ఆరు దినములలో ఐదు జట్లను గెలిచి యేడవ దినమున వి–మించిరి”. ఆ మధ్య అక్షరం దగ్గరే ఆగిపోతున్నాను. విశ్రమించిరా, విరమించిరా?

కందపద్యం:
విశ్రమించిరే. ఆదికాండం రెండో అధ్యాయం లేకుండా ఆ వాక్యం పుట్టదు: “యేడవ దినమున విశ్రమించెను”. సువానీ ఎపిస్కోపల్ చర్చి వాళ్ళ కాలేజీ, చమత్కారమంతా అక్కడే ఉంది. విరమించిరి అంటే ఉప్పు లేని పప్పు.

హ్యూస్టన్ బావ:
చమత్కారం సరే, లెక్క కుదరదు. 1899 నవంబరు 9, గురువారం ఆస్టిన్‌లో టెక్సాస్ మీద 12-0. శుక్రవారం మా హ్యూస్టన్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం మీద 10-0. శనివారం న్యూ ఓర్లీన్స్‌లో టులేన్ మీద 23-0. ఆదివారం ఆట లేదు. సోమవారం బాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ మీద 34-0, మంగళవారం మెంఫిస్‌లో ఓల్ మిస్ మీద 12-0. అంటే విశ్రమించింది నాలుగో రోజున! ఏడో రోజు బుధవారం.

కందపద్యం:
బావగారూ, కవి చమత్కారానికి క్యాలెండర్ అడ్డం పెడతారా?

తెనాలి మాస్టారు:
అసలు ఆ ‘వి’ సంగతి ఎవరూ పట్టించుకోరేం? వియోగంలో వి విడదీస్తుంది, విజ్ఞానంలో వి పెంచుతుంది. మరి విశ్రమంలో? విగతః శ్రమః, అంటే శ్రమ పోవడం, అని అందరూ వల్లెవేసిందే. నా మటుకు నాకు విశేషమైన శ్రమ ముందు, విశ్రాంతి తర్వాత. ఈ జట్టునే చూడండి. 21 మంది ఆటగాళ్ళు, రైల్లో సుమారు 2,500 మైళ్ళు. దాడికీ వాళ్ళే, అడ్డుకోవడానికీ వాళ్ళే. ఒకసారి బయటికొస్తే మళ్ళీ ఆటలోకి రానివ్వరు, కాబట్టి దెబ్బ తగిలినవాడు పళ్ళు బిగబట్టి నిలబడేవాడు. బంతిని ముందుకు విసరడం 1906 దాకా నిబంధనల్లోనే లేదు. ప్రతి గజమూ గుంపులో పడి తోసుకుంటూ సంపాదించిందే. ఈ శ్రమకు విశేషం చేర్చకపోతే ఇంక దేనికి చేరుస్తారు?

అపాణినీయం:
మాస్టారూ, వ్యుత్పత్తి అందంగా ఉంది, అంతవరకే. మీరు పట్టుకోవలసింది ‘వి’ని కాదు, ‘శ్ర’ని. “నోదాత్తోపదేశస్య” అనే పాణిని సూత్రం ప్రకారం విశ్రమమే సాధు రూపం, విశ్రామం కాదు. విశ్రాంతిలో దీర్ఘం వేరే దారిన వచ్చింది. పేపర్లో ‘విశ్రామ జీవితం’ అని చూసినప్పుడల్లా నాకు ఆయాసం వస్తుంది.

తెనాలి మాస్టారు:
“విశ్రామ ఇతి త్వపాణినీయమ్”, విశ్రామం పాణినికి ఒప్పనిది, అని వ్యాకరణ గ్రంథం సిద్ధాంతకౌముదిలో ఉన్నదే కదా మీ పేరు. మరి మేఘదూతంలో “తత్ర విశ్రామహేతోః” మాటేమిటి? అక్కడ శ్రా గురువు కాకపోతే మందాక్రాంత వృత్తం నడవదు. కాళిదాసుకూ ఆయాసం తెప్పించమంటారా?

అపాణినీయం:
విశ్రాంతిహేతోః అని చదవండి. గణమూ నిలుస్తుంది, పాణినీ నిలుస్తాడు.

మందారం:
ఇంట్లో పోతన ఉండగా ఉజ్జయిని దాకా ఎందుకండీ? “తనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్”. ఏ ఉపసర్గా లేని శ్రమ ఎంత బరువుగా కూర్చుందో చూడండి. ‘వి’ని అంతకు ముందే “విలోలంబయ్యె” దగ్గర ఖర్చుపెట్టేశాడు మహానుభావుడు. డస్సెన్ అన్నాక మళ్ళీ శ్రమ ఎందుకంటారా? డస్సింది ఒళ్ళు, శ్రమ తెలిసింది లోపలివాడికి. నాకైతే ఆ పద్యం వింటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

హ్యూస్టన్ బావ:
గజేంద్రుణ్ణి నీళ్ళే ముంచాయి. వీళ్ళు మాత్రం ఊరి నీళ్ళు పడకపోతే కష్టమని తమ కొండ ఊట నీళ్ళు రెండు పీపాలు రైలెక్కించారు. ఈ పర్యటన కుదిర్చిన మేనేజర్ ల్యూక్ లీ తర్వాత సెనేటర్ అయ్యాడంటే అవడా మరి!

గోదారిగట్టు:
అందరికీ దండాలు. విరమించిరి కాదన్నట్టేనా?

కందపద్యం:
కాదు. విరమిస్తే నవంబరు 20న కంబర్లాండ్ మీద 71-0 ఎవరు కొట్టారు? 30న హైస్మన్ శిక్షణలోని ఆబర్న్ మీద 11-10తో బయటపడిందెవరు? సీజన్ మొత్తానికి 12 ఆటలు, 322 పాయింట్లు. ఇచ్చుకున్నవి ఆబర్న్‌కి ఇచ్చిన ఆ పదే.

హ్యూస్టన్ బావ:
డిసెంబరు 2న అట్లాంటాలో నార్త్ కరోలినా మీద 5-0 కొట్టి నిజంగానే విరమించారు. వ్యాసం అక్కడిదాకా వెళ్ళి ఉంటే ఆ మాటా చెల్లుతుంది.

గోదారిగట్టు:
ఆబర్న్ ఆట ఉన్నట్టే గుర్తు. అట్లాంటా సంగతి గుర్తు రావడం లేదు.

అపాణినీయం:
మందారం గారూ, అది అలా ఉంచండి. అలసిపోవడమనే డయ్యు ధాతువు డస్సె అయితే, తడియు తడిస్సె ఎందుకు కాలేదు?

మందారం:
రెండు యకారాలున్నచోట రెండు సకారాలు. తడియులో ఉన్నది ఒక్కటే కదా.

తెనాలి మాస్టారు:
అంత తేలిగ్గా ఒప్పుకోను. డాయు, డయ్యు ఒకటేనా వేరా, ముందు అది చెప్పండి.